కొండ నీడ లెక్క

ముప్పై ఏళ్లుగా కిటికీలో ఉన్న కొండ.
మిషను తొక్కుతూ తలెత్తితే కొండ,
సూదిలో దారం ఎక్కించడానికి వెలుగు వెతికితే
అడ్డంగా కొండ.
ఒక్కసారీ ఎక్కలేదు.
ఇంటి గోడని ఎవరైనా ఎక్కుతారా?

షుగరొచ్చింది కాబట్టి ఎక్కాను.
డాక్టరమ్మ నడవమంది, ఎటో చెప్పలేదు.
మస్తాన్‌బీ తోడొచ్చింది. తనకే జబ్బూ లేదు,
ఆదివారం ఇంట్లో ఉంటే మాత్రం వస్తుందట.

బయల్దేరే ముందు పక్కింటి ఏలియాకి పని చెప్పాం:
"ఐదున్నరకి డాబా ఎక్కి
అద్దం పట్టుకుని కొండ మీదికి మెరిపించరా,
మన ఇల్లేదో మాకు తెలియాలి."
పది రూపాయలడిగాడు. ఐదుకి తెగింది.

గాంధీ కొండ దారి తిన్నగా పోదు.
కొత్తగా కుట్టు నేర్చుకునేవాళ్ల చేతి పనిలా
ఇటు కాసేపు, అటు కాసేపు.
రాళ్లు మధ్యాహ్నపు ఎండని ఇంకా వదల్లేదు,
చెయ్యి ఆనిస్తే
అప్పుడే ఇస్త్రీ చేసిన బట్టంత వెచ్చన.
మలుపులో ఇద్దరు పడుచువాళ్లు
మమ్మల్ని చూసి దూరం జరిగారు.
"కూర్చోండమ్మా, మేమేం చూళ్లేదు" అంది మస్తాన్‌బీ,
చూస్తూనే.

బొమ్మ రైలు ఆ రోజు నడవలేదు.
ఆగిన పెట్టెలో ఒక పాప కూర్చుని
నోటితోనే కూత పెట్టి
తెనాలి, బాపట్ల, చీరాల దాటేస్తోంది.
కింద నిజం రైళ్లు
సిగ్నలు కోసం నిలబడి ఉన్నాయి.

పైకొచ్చేసరికి నా ఊపిరి నాకే వినపడింది.
కృష్ణని ఎప్పుడో పుష్కరాల్లో మొలలోతున చూసిందాన్ని,
ఇంత వెడల్పని ఎరగను.
బ్యారేజీ గేట్లు లెక్కపెడుతుంటే
నలభై దగ్గర మస్తాన్‌బీ మాట కలిపింది, లెక్క పోయింది.
అటు గుణదల కొండ,
ఇటు అమ్మవారి కొండ వెనక్కి వాలుతున్న పొద్దు.
మధ్యలో డాబాలు, డాబాలు, నల్ల ట్యాంకులు,
ఆరేసిన చీరలు.
వాటిలో నేను ఫాల్ కుట్టినవి ఎన్నున్నాయో.

ఐదున్నర.
తారాపేట వైపు కళ్లు చికిలించి చూశాం.
మెరుపు లేదు.
"పైసలు తిన్నాడు" అంది మస్తాన్‌బీ.

అప్పుడు చూశాను.
మేం నిలబడ్డ కొండ నీడే
మెల్లగా కిందికి దిగి
మా సందు మీదికి దుప్పటి లాగేసింది.
పట్టాలు దాటింది. గూడ్సు పెట్టెలెక్కింది.
అవతల గవర్నరుపేటలో, సత్యనారాయణపురంలో
ఇంకా పచ్చటి ఎండ.
మా దగ్గర మాత్రం లైట్లేశారు.

ఇన్నాళ్లూ అనుకున్నాను
నా కళ్లే అందరికన్నా ముందు మసకబారుతున్నాయని.
"అప్పుడే కరెంటు కాలుస్తున్నావా?" అన్నవాళ్లందరి ముందూ
తల దించుకున్నాను.
రోజుకో గంట.
ముప్పై ఏళ్ల గంటలు కలిపితే ఎన్ని జాకెట్లు?
మస్తాన్‌బీ వేళ్ల మీద మొదలెట్టి, వదిలేసింది.
"ఏం తులసక్కా, కొండ మీద కేసు పెడతావా?"
నవ్వాం.
నా నవ్వు సగంలో ఆగింది.
వాడి అద్దంలో పడ్డానికి ఎండేదీ, పాపం.

దిగొచ్చేసరికి గుమ్మంలో ఏలియా, చంకలో అద్దం.
"చేతులు నొప్పెట్టేదాకా ఊపాను. కనపడ్డానా?"
"ఎందుక్కనపడవు" అంది మస్తాన్‌బీ.
"అయితే అప్పుడు నా చొక్కా రంగేంటి?"
ఇంకో ఐదు ఇచ్చుకున్నాం.

మిషను జరపడానికి ఇంట్లో వేరే కిటికీ లేదు.

తెల్లారి డాబా మీద చీర ఆరేస్తుంటే
కొండ అంచున ఎవరో, అగ్గిపుల్లంత.
ఏ ఊరివాళ్లో,
ఏ ఇల్లు వెతుక్కుంటున్నారో.
తడి చీర రెండు చేతులా పట్టి
అటు తిరిగి
గట్టిగా విదిలించాను, రెండుసార్లు.